కావాలని ఓడిపోయిన ఆటలు

మొన్న ఆదివారం మా అన్నయ్యగారింట్లో పిల్లలు క్యారమ్స్ ఆడుకుంటున్నారు. మావాడికి 14 ఏళ్ళు. వాడికంటే రెండేళ్ళు చిన్నదైన అన్నయ్య కూతురు రెడ్ వేసి, వెంటనే ఫాలో కూడా వేసేసింది. వాడు స్ట్రైకర్ని గోడకేసి కొట్టి, చెప్పులైనా వేసుకోకుండా వెళ్ళి కారులో కూర్చున్నాడు. "పోనీలే, చిన్నవాడు" అంది వదిన. పదేళ్ళుగా నేను అంటూ వస్తున్న మాటే అది. మరొకరి నోట విన్నప్పుడు ఎందుకో సిగ్గు వేసింది.

వాడికి ఆ ఆట నేర్పింది నేనే. ఓడితే ఏడుస్తాడని కావాలనే ఓడిపోయేవాణ్ణి. అష్టాచెమ్మాలోనూ అంతే. మా నాన్నగారి బెత్తం మా అన్నదమ్ములిద్దరికీ క్రమశిక్షణ నేర్పిందో లేదో గాని, అబద్ధమాడటం మాత్రం చక్కగా నేర్పింది. అందుకే నా బిడ్డకు "వద్దు" అనే మాట వినిపించకూడదనుకున్నాను.

డయానా బౌమ్రిండ్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త 1966లో రాసిన వ్యాసంలో పెంపకాన్ని మూడు తీరులుగా చూపింది. శాసించేవారు, అన్నిటికీ సరేననేవారు, ప్రేమిస్తూనే హద్దులు పెట్టి అవి ఎందుకో వివరించేవారు. అన్నిటికీ సరేననిపించుకున్న పిల్లల్లో తమను తాము అదుపు చేసుకునే శక్తి తక్కువని ఆమె పరిశీలనల్లో తేలింది. పిల్లవాడి స్వభావాన్ని బట్టే తల్లిదండ్రులు అలా మెత్తబడతారేమోనన్న వాదన కూడా లేకపోలేదు. ఆ వాదన నాకు ఎంతో ఊరటనిస్తుంది. అందుకే దాన్ని నమ్మబుద్ధి కాదు.

ఈమధ్య భారతం తిరగేస్తుంటే ధృతరాష్ట్రుడి దగ్గర ఆగిపోతున్నాను. ఆయన గుడ్డితనం సంగతి కాదు. ఆయనకు అన్నీ తెలుసు. జూదం వద్దని విదురుడు చెప్పాడు. కొడుకును వదులుకోమని గాంధారే చెప్పింది. అయినా కాదనలేకపోయాడు. కృష్ణరాయబారం నాడు దుర్యోధనుడికి బుద్ధి చెప్పమని గాంధారిని సభకు పిలిపిస్తే, ఆవిడ ముందుగా తప్పుపట్టింది భర్తనే.

నిన్న రాత్రి బోర్డు తీసి వాణ్ణి పిలిచాను. ఈసారి ఓడిపోలేదు. విసిరికొడతాడనుకున్నాను. కొట్టలేదు. నా ముఖంలోకి వింతగా చూశాడు.

"నువ్వు ఇంత బాగా ఆడతావా నాన్నా?"

కాసేపాగి మళ్ళీ అడిగాడు: "మరి ఇన్నాళ్ళూ?"

జవాబు తోచక, కాయిన్లన్నీ మళ్ళీ మధ్యలోకి పేర్చాను.