పిల్లి మెడపై మందు చుక్క

కడియం, కడియపులంక ప్రాంతంలో నివసించే మా వంటివారికి పురుగుమందు వాసన కొత్త కాదు. నర్సరీలలో గులాబీకి, చామంతికి, మందారానికి పిచికారీ చేసేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలనీ, పని ముగియగానే స్నానం చేయాలనీ మా పిల్లలకు సైతం తెలుసు. ఈ జాగ్రత్త అంతా ఎందుకో ఇంటి గుమ్మం బయటే ఆగిపోతున్నది. పిల్లి ఒంటిమీద దూకే పురుగులు కనిపిస్తే, దుకాణంలో ఏ మందు చేతికిస్తే అదే తెచ్చి వేస్తున్నారు.

మా వీధిలో ఒక ఇంట ఇదే జరిగింది. దుకాణదారు కుక్కలకు వేసే చుక్కల మందు ఇచ్చి, సగం వేస్తే పిల్లికి సరిపోతుందన్నాడు. అసర్ తరువాత మెడ వెనుక మందు వేశారు. ఇషా వేళకు పిల్లి చెవులు అదరసాగాయి. నోట చొంగ, ఆపై ఒళ్ళంతా వణుకు. రాజమహేంద్రవరంలో పశువైద్యుని వద్ద రెండు రోజుల చికిత్స తరువాత అది కోలుకున్నది, అల్‌హందులిల్లాహ్. అయితే ఆ సాయంత్రమంతా ఆ ఇంటి చిన్నపాప మందు ఆరని పిల్లిని ఒడిలో పెట్టుకునే కూర్చున్నది. మమ్మల్ని ఎక్కువగా కలవరపరచినది ఆ సంగతే.

ఆ మందులో ఉన్నది పెర్మెత్రిన్. చామంతి కుటుంబానికి చెందిన ఒక మొక్క పూలనుండి తీసే విషానికి ఇది కృత్రిమ అనుకరణ. మన తోటలలో చల్లే సైపర్‌మెత్రిన్ కూడా దీని బంధువే. కుక్క కాలేయం ఈ పదార్థాన్ని విరిచి బయటకు పంపగలదు. అందుకు అవసరమైన శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. మనం జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ పిల్లికి ప్రాణాంతకం కావడానికీ మూలం ఇటువంటి లోపమే. కుక్కల చుక్కల మందులు కొన్నింటిలో పెర్మెత్రిన్ నూటికి నలభై పాళ్ళు మించి ఉంటుంది. అందులో సగమన్నా పిల్లికి విషమే. మందు వేసిన కుక్కను ఆనుకుని పడుకున్నా ప్రమాదమే.

ఇది మన ఊరి సమస్య మాత్రమే కాదు. ఇటువంటి చుక్కల మందుల గురించి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థకు 2008లో 44,000కు పైగా ఫిర్యాదులు అందాయి. కుక్కల మందును పిల్లులకు వేయడం వాటిలో ఒక ముఖ్య కారణమని తేలడంతో, లేబుళ్ళు మరింత స్పష్టంగా ఉండాలని ఆ సంస్థ 2010లో ప్రకటించింది.

హజ్రత్ అబూ ఖతాదా (రజి) వుజూ కోసం ఉంచిన నీటిని పిల్లి తాగబోతే, పాత్రను దానివైపు వంచి పట్టుకున్న ఉదంతం మనలో చాలామందికి తెలిసినదే. పిల్లి అశుద్ధం కాదనీ, అది మన మధ్య తిరుగాడే జీవమనీ దైవప్రవక్త (స) తెలిపిన మాటను ఆయన అప్పుడు గుర్తుచేశారు. మన మధ్య తిరుగాడేది కనుకనే, దాని ఒంటిమీది మందు మన చాపమీదికీ, పసిబిడ్డ చేతికీ చేరుతుంది.

కొనేటప్పుడు డబ్బామీద పిల్లి బొమ్మ, పిల్లి బరువు, కనీస వయస్సు ఉన్నాయేమో చూడండి. పెర్మెత్రిన్, అమిట్రాజ్ అన్న పేర్లుంటే పిల్లికి వద్దు. సెలామెక్టిన్, ఫిప్రోనిల్ గల మందులు పిల్లులకు ప్రత్యేకంగా తయారైనవి ఉన్నాయి. వైద్యుని అడిగి వాడవచ్చు. ఫిప్రోనిల్ పేరు చూసి వరిచేలో చల్లే గుళికలను తెచ్చేరు సుమా! కర్పూరం, నీలగిరి తైలం వంటి ఇంటి మందులూ వద్దు. పిల్లి ఒళ్ళంతా నాక్కుంటుంది.

పొరపాటున వేస్తే, వణుకు మొదలుకాక ముందే గోరువెచ్చని నీటితో, గిన్నెలు తోమే సబ్బుతో మెడను కడిగి, తుడిచి, డబ్బాతో సహా వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. లక్షణాలు కొన్ని గంటలకు గానీ బయటపడకపోవచ్చు.

ఈ పురుగుల గుడ్లు పిల్లి ఒంటిమీద నిలవవు, చాపలలోకి, పరుపులలోకి రాలుతాయి. కనుక మా ఇంట వారానికొకసారి దాని గుడ్డలను వేడినీటిలో ఉతుకుతున్నాము. రోజూ పేల దువ్వెనతో దువ్వి, చిక్కిన పురుగులను సబ్బునీళ్ళ గిన్నెలో వేస్తున్నాము. మొదట్లో పిల్లి గోళ్ళు చాపింది. ఇప్పుడు దువ్వెన తీయగానే తానే వచ్చి పడుకుంటున్నది.