కంప్యూటర్‌కీ నత్తి వస్తుంది

బళ్ళారిలో మన మిల్లు ఇళ్ళల్లో కంప్యూటర్ ఉందంటే అది చానావరకు పాతదే. ఎక్కడో ఆఫీసులో తీసేసినదాన్ని పిల్లల చదువు పేరు మీద సెకండ్ హ్యాండ్‌లో కొంటాం. మా ఇంట్లోదీ అట్లాంటిదే. 2012 నాటి ఐ-త్రీ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. పగలు మా పాప దాంట్లో ట్యాలీ నేర్చుకుంటుంది. సాయంత్రం మావాడు ‘క్రికెట్ 07’ ఆడతాడు. 2006లో వచ్చిన ఆట అది. మా వీధి పిల్లలు ఇప్పటికీ దాన్ని వదల్లేదు.

పోయిన ఏప్రిల్‌లో ఆట నత్తి కొట్టడం మొదలయింది. బౌలరు బంతి వదిలినాక బొమ్మ ఒక్క క్షణం నిలబడిపోతుంది. మళ్ళీ కదిలేలోపు వికెట్ ఎగిరిపోయి ఉంటుంది. వాడి గోల వాడిది అనుకోవచ్చు. కానీ పాప పనికీ అదే గతి పట్టింది. అంగడికి తీసుకుపోతే అక్కడాయన మూత కూడా విప్పలేదు. ‘‘హొసదు తగొళ్ళి’’ అన్నాడు. కొత్తది 35 వేలు, కంతుల్లో కట్టొచ్చంట. ఇంట్లో చీటీ పాడి తెచ్చిన డబ్బు ఉంది, కానీ అది జూన్‌లో పాప కాలేజీ ఫీజుకు. మా ఇంటామె ఒకటే మాట అంది: ‘‘ఆ డబ్బు ముట్టొద్దు. మిల్లులో అన్ని మిషన్లు బాగుచేస్తావు కదా, దీన్నీ ఒకసారి చూడు.’’

నేను జిన్నింగ్ మిల్లులో ఫిట్టర్ని. మిషన్ మొండికేస్తే మేం ముందు అడిగేది ‘ఎప్పుడు ఆగుతోంది’ అని. మావాణ్ణీ అదే అడిగినా.

‘‘పొద్దున బాగుంటుంది నాయనా. మధ్యాహ్నం అయితే పది నిమిషాలకే మొదలవుతుంది’’ అన్నాడు.

సగం జవాబు అందులోనే ఉంది. మొదటి నిమిషం నుంచే నత్తి కొడితే సెట్టింగులనో, ర్యామ్‌నో, డ్రైవర్‌నో అనుమానించాల. వేడెక్కినాక కొడితే వేడినే అనుమానించాల.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఆట నడుస్తుండగా అందులో ప్రాసెసర్ వేగం చూసినాం. 3.3 గిగాహెర్ట్జ్ ఉండాల్సింది నత్తి కొట్టినప్పుడల్లా 1.6కు పడిపోతోంది. ఉచితంగా దొరికే హెచ్‌డబ్ల్యూ మానిటర్ వేసి చూస్తే వేడి వంద డిగ్రీల దరిదాపుల్లో ఉంది. మన మోటారుకు లోడు ఎక్కువైతే ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయి కాపాడుతుంది కదా, ప్రాసెసర్‌కూ అట్లాంటి ఏర్పాటే ఉంది. కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. మనకు అది నత్తిలాగా కనబడుతుంది.

స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, పక్క మూత విప్పినాం. ఫ్యాను కింద అల్యూమినియం రెక్కల మధ్య దూది నుసి, ఎర్రమట్టి కలిసి కంబళిలా అల్లుకున్నాయి. మన బట్టలకు అంటుకుని ఇంటికొచ్చే నుసే అది. సండూరు వైపు నుంచి వచ్చే ఎర్ర దుమ్ము దానికి తోడు. గాలి దూరే సందే లేదు. మెత్తని బ్రష్షుతో దులిపి, ఫ్యాను తిరక్కుండా వేలితో పట్టుకుని గాలి కొట్టినాం. ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ సున్నంలా ఎండిపోయి ఉంది. దాన్ని స్పిరిట్‌తో తుడిచేసి, పెసరగింజంత కొత్తది పెట్టినాం. పేస్టుకు, బ్రష్షుకు కలిపి ఖర్చు 180 రూపాయలు. మధ్యాహ్నం ఆడినా వేడి 70 దాటలేదు.

అయినా అప్పుడప్పుడూ ఒక చిన్న కుదుపు మిగిలింది. దానికి కారణం వేరే. సెకనుకు 60 బొమ్మలు రావాలంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం దాదాపు 17 మిల్లీసెకన్లే. తిరిగే హార్డ్ డిస్క్ ఒక ఫైలును వెతకడానికే పది మిల్లీసెకన్ల దాకా తీసుకుంటుంది. రెండు ఫైళ్ళు ఒకేసారి కావాల్సి వస్తే బొమ్మ తప్పిపోతుంది. ఆడేముందు బ్రౌజరు, అప్‌డేట్లు ఆపేసి, ఆటలో నీడల సెట్టింగు తగ్గిస్తే చానా నయమయింది. దసరా బోనస్ వచ్చినాక ఎస్‌ఎస్‌డీ వేసినాం. అప్పటినుంచి ట్యాలీ కూడా చిటికెలో తెరుచుకుంటోంది.

పాప ఫీజు జూన్ మొదటి వారంలోనే కట్టేసినాం. మన ఇళ్ళల్లో మిషన్ పాతబడిందని ఎవరన్నా అంటే, ముందు దాని దుమ్ము చూడండి. ఎండలు ముదరకముందే, మార్చిలోనే, ఒకసారి మూత విప్పి దులపండి. డబ్బాను నేలమీద పెట్టకుండా చిన్న పీట మీద పెట్టండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు: కరెంటు వైరు దిగే ఇనప పెట్టెను, అదే పవర్ సప్లైని, ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్గు పీకినాక కూడా దాని కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. మిల్లులో ప్యానెల్ బోర్డుకు ఇచ్చే మర్యాదే దానికీ ఇవ్వాల.