నాలుగో కదలిక



మన స్కూల్లో కరాటే మొదలైనప్పుడు నాకు గుద్దులూ తన్నులూ బాగా నచ్చాయి. కతా మాత్రం నచ్చలేదు. కతా అంటే ఎదురుగా ఎవరూ లేకుండా వరసగా చేసే కదలికలు. మేడమ్ ఇచి, ని, సాన్, షి అని లెక్కపెడుతుంటే గాలిని కొట్టుకుంటూ అటూ ఇటూ తిరగాలి. డప్పు లేని థింసాలాగ ఉంది అనుకునేదాన్ని.

పోయిన దసరా సెలవుల్లో అమ్మతో, అప్పతో సంతకి వెళ్లాను. అమ్మ అడ్డాకుల కట్టలు అమ్ముతోంది. నేను ఉప్పు కొనడానికి వెళ్తుంటే ఒకడు నా కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టుకున్నాడు. ఎవరో తెలీదు. నవ్వుతున్నాడు. నేను ఎంత లాగితే అంత గట్టిగా పట్టాడు. అరుద్దామంటే గొంతు రాలేదు. ఇంతలో మా అప్ప కేకలేసుకుంటూ వచ్చింది. వాడు వదిలేసి పోయాడు. "అమ్మకి చెప్పకు, ఇంక బడికి పంపదు" అంది అప్ప. నేను చెప్పలేదు.

సెలవులయ్యాక హేయాన్ షోదాన్ అనే కతా చేస్తున్నాం. అందులో 21 కదలికలు. మూడోదాంట్లో కుడిచెయ్యి కిందికి అడ్డుపెడతాం. నాలుగోదాంట్లో ముందున్న కుడికాలు వెనక్కి తీసుకుంటూ, ఆ చేతిని ఒంటివైపు లాగి, గుండ్రంగా పైనుంచి తిప్పి, పిడికిలితో సుత్తిలాగ కిందికి కొట్టాలి. "ఇది దేనికి మేడమ్?" అని అడిగాను. మేడమ్ ఏమీ చెప్పకుండా నా మణికట్టు పట్టుకున్నారు. నాకు సంత గుర్తొచ్చి ఒళ్లు చల్లబడింది.

"ఇప్పుడు నాలుగోది చెయ్యి" అన్నారు.

మొదటిసారి రాలేదు. ఉత్త చేత్తోనే లాగాను. "కాలేదీ?" అన్నారు మేడమ్. కాలు వెనక్కి తీస్తే ఒంటి బరువంతా లాగడానికి సాయం వస్తుంది. ఇంకో సంగతి ఏంటంటే, పట్టుకున్న చేతికి నాలుగు వేళ్లు ఒకవైపు, బొటనవేలు ఒక్కటే ఒకవైపు. ఆ రెండూ కలిసే చోటే సందు. మణికట్టుని అటువైపు తిప్పి లాగాలి. ఊడిపోయింది! ఊడి పైకి లేచిన ఆ చెయ్యే సుత్తిదెబ్బ అయి వాడి మీద పడుతుంది.

గుద్దేటప్పుడు రెండో పిడికిలి నడుం దగ్గరికి లాగుతాం కదా, దాని పేరు హికితే. అది అందం కోసం అనుకున్నాను. కాదట. వాడి చెయ్యి పట్టి మనవైపు లాగుతూ ఇంకో చేత్తో కొట్టడానికట.

ఈ కతాలని జపాన్‌లోని ఒకినావాలో ఇతోసు అంకో అనే గురువుగారు బడిపిల్లల కోసం కూర్చారు. అప్పుడు పినాన్ అనేవారు. ఆయన శిష్యుడు ఫునాకోషి 1922లో టోక్యో వెళ్లి కరాటే చూపించారు, తర్వాత హేయాన్ అని పేరు మార్చారు. శాంతి అనే అర్థం వస్తుందట. కొట్లాటకి శాంతి అని పేరా అని మేమందరం నవ్వాం.

ఇద్దరు ముగ్గురు మీదపడితే ఇది చాలదు, చెయ్యి ఊడగానే కొట్టడానికి నిలబడకుండా అరుస్తూ పరిగెత్తాలి అని మేడమ్ చెప్పారు. ఈ కతాలో రెండుచోట్ల కియాయ్ అని అరవాలి. నాకు అన్నిటికన్నా కష్టం అదే. ఇంట్లో, బడిలో గట్టిగా మాట్లాడొద్దనే చెప్పారు కదా. నేనూ నా స్నేహితురాలూ రోజూ స్టడీ అవర్‌కి ముందు హాస్టల్ వెనక అరిచేవాళ్లం. (వార్డెన్ మేడమ్, ఆ అరుపులు మావే. క్షమించండి.)

సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు అమ్మని నా చెయ్యి పట్టుకోమన్నాను. అమ్మది కట్టెలు కొట్టే చెయ్యి. రెండుసార్లు రాలేదు. మూడోసారి కాలు వెనక్కేసి లాగితే ఊడింది. అమ్మ బొటనవేలు రుద్దుకుంటూ "ఇది ఎందుకు నేర్సుకున్నావే?" అంది.

అప్పుడు సంత సంగతి చెప్పేశాను. అప్ప తల దించుకుంది. అమ్మ చాలాసేపు పొయ్యిలో మంట చూస్తూ కూర్చుంది. ఇంక నా చదువు అయిపోయింది అనుకున్నాను. తర్వాత లేచి వచ్చి నా మణికట్టు ఇంకా గట్టిగా పట్టుకుంది.

"మళ్లీ ఇడిపించుకో, సూస్తాను" అంది.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని