ముప్పై క్యూబ్‌లు

2020 మార్చి 16 నాటికి కరోనాతో కాలేజీలన్నీ మూతపడ్డాయి. ఆ రోజుకి మా సివిల్ ల్యాబ్ వెనక రేకుల షెడ్డులో, క్యూరింగ్ తొట్టిలో నావి ముప్పై కాంక్రీట్ క్యూబ్‌లు నానుతున్నాయి. మళ్లీ వాటిని చూసింది సెప్టెంబర్ ఆఖరి వారంలో. ఎంటెక్ ఎట్లా గడిచిందని ఎవరైనా అడిగితే నేను ఆ ఆరు నెలల గురించే చెప్తాను.

మాది మిర్యాలగూడ. నాయన రైస్ మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. ఉప్పుడు బియ్యానికి ఆవిరి కావాలి, ఆవిరికి పొయ్యి మండాలి, ఆ పొయ్యిలో వేసేది ఊకే. వంద కిలోల వడ్లు ఆడిస్తే ఇరవై కిలోల దాకా ఊక వస్తుంది. అది కాలితే నాలుగు కిలోల బూడిద మిగులుతుంది. ఇన్ని మిల్లులున్న ఊళ్లో ఆ బూడిద ఎన్ని లారీలవుతుందో మీరే లెక్కేసుకోండి. నా చిన్నప్పుడు దండెం మీది బట్టలు దులపకుండా అమ్మ మడతపెట్టిన రోజు లేదు. స్కూలు తెల్లచొక్కా మీద పడిన నలుసును చేత్తో తుడిస్తే నల్లటి గీత పడుతుంది. ఊదాలి. మా వీధి పిల్లలందరికీ ఆ ఊదడం వచ్చు.

నాగార్జునసాగర్ డ్యామ్ కట్టేటప్పుడు మా తాత అక్కడ రాళ్లు మోశాడు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన డ్యామ్ అది. రాతి కట్టడం, వేలమంది చేతుల మీద లేచింది. 1967లో కాలవలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలవ కింద వరి పెరిగింది, వరి వెంట మిల్లులు వచ్చాయి, మిల్లులోకి నాయన వచ్చాడు. నేను సివిల్ తీసుకుంటానంటే ఇంట్లో ఒక్కరూ అడ్డు చెప్పలేదు.

బీటెక్ కోదాడలో చదివాను. మిర్యాలగూడలో బస్సెక్కితే మొదట ఊక లారీలు కనిపించేవి. హుజూర్‌నగర్ వచ్చేసరికి మేళ్లచెరువు, మట్టపల్లి వైపు ఫ్యాక్టరీల నుంచి వచ్చే సిమెంట్ ట్యాంకర్లు ఎదురయ్యేవి. నాలుగేళ్లు ఆ దారినే తిరిగాను. ఈ బూడిదను ఆ సిమెంట్‌లో కలపొచ్చని మూడో ఏట ఒక పాఠంలో చదివినప్పుడు పుస్తకం మూసి కాసేపు అట్లాగే కూర్చున్నాను. ఊకబూడిదలో ఎక్కువ భాగం సిలికానే. సరైన వేడిలో కాలిస్తే అది సిమెంట్‌లోని సున్నంతో కలిసి గట్టిపడుతుంది. మా దండెం మీద పడేది వృథా సరుకు కాదని నాకు అప్పుడే తెలిసింది.

2018లో గేట్ పాసయ్యాను గానీ వరంగల్ ఎన్ఐటీకో, ఉస్మానియాకో, జేఎన్‌టీయూకో సరిపోయే ర్యాంకు కాదు. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో స్ట్రక్చరల్ ఇంజనీరింగ్ సీటు దొరికింది. గేట్ మీద చేరినవాళ్లకు అప్పుడు నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చేది. రాష్ట్ర పీజీఈసెట్ రాసి వచ్చినవాళ్లకు అది లేదు. ఆ డబ్బు లెక్క చూసుకునే నాయన సరేనన్నాడు. మా క్లాసులో సగం సీట్లు నిండలేదు. నిండినవాటిలో కూడా కొందరు పరీక్షలప్పుడే కనిపించేవాళ్లు. లెక్చరర్ ఉద్యోగానికి ఎంటెక్ పట్టా కావాలి కాబట్టి చేరినవాళ్లు వాళ్లు. వాళ్లను నేను తప్పుపట్టను. అప్పటికే పనిచేస్తూ ఇల్లు నడుపుతున్నవాళ్లు.

మొదటి సంవత్సరం పాఠాలు, పరీక్షలు. రెండో ఏట ప్రాజెక్టు మొదలైంది. ఊకబూడిద అనగానే మా గైడ్ సార్, "పాత టాపిక్ కదమ్మా" అన్నారు. మిర్యాలగూడ బాయిలర్ బూడిదనే, ఉన్నదాన్ని ఉన్నట్టుగా తీసుకుంటానని చెప్పి ఒప్పించాను.

ఉన్నదున్నట్టుగా అన్నది కుదరలేదు. 2019 నవంబర్‌లో రెండు సంచుల బూడిద ఆర్టీసీ బస్సులో తెచ్చి కలిపాను. కలుపుతుండగానే నీళ్లన్నీ పీల్చేసింది. జారుడు కొలిచే స్లంప్ కోన్ ఎత్తితే కాంక్రీట్ ఇంచు కూడా జారలేదు, పొడిపొడిగా నిలబడింది. మర్నాడు అచ్చులు విప్పితే క్యూబ్‌ల పక్కలన్నీ తేనెపట్టులా తొర్రలు. ఆ రాత్రి నాయనకు ఫోన్ చేశాను. "రంగెట్లున్నది?" అన్నాడు. నల్లగా ఉందన్నాను. "నల్లగున్నదంటే ఇంకా కాలలేదన్నట్టు బిడ్డా. బొగ్గే అది. గాలి సరిపోలే" అన్నాడు. నేను రెండు వారాలు పేపర్లు తిరగేసి తెలుసుకున్నది కూడా అదే: బొగ్గు మిగిలిన బూడిద నీళ్లు తాగుతుంది. మరీ ఎక్కువ వేడిలో కాలిస్తే ఇంకో చిక్కు, సిలికా స్ఫటికంగా మారి సిమెంట్‌తో కలవడం మానేస్తుంది. ఆరేడు వందల డిగ్రీలు దాటకుండా మళ్లీ కాల్చాలి.

మా ల్యాబ్‌లో కొలిమి లేదు. వేరే డిపార్ట్‌మెంట్‌లో చిన్నది ఉంటే, వాళ్లు ఇంటికి వెళ్లాక సాయంత్రాలు ఇచ్చారు. అది విడతకు అరకిలో పడుతుంది. నాకు కావలసింది ఏడెనిమిది కిలోలు. చల్లారేదాకా కూర్చుని, తీసి, మళ్లీ పెట్టి, జనవరి నెల మొత్తం ఆ కొలిమి ముందే గడిచింది. బయటికి వచ్చిన బూడిద లేత బూడిదరంగులో, వేళ్ల మధ్య టాల్కం పౌడర్‌లా ఉండేది. కొంచెం పొట్లం కట్టి నాయనకు పంపాను.

మార్చి 2 నుంచి 6 దాకా, రోజుకొక మిశ్రమం పోశాను. సిమెంట్ బదులు బూడిద సున్నా, 5, 10, 15, 20 శాతం. ఒక్కో మిశ్రమానికి తొమ్మిది క్యూబ్‌లు, మొత్తం నలభై అయిదు. 150 మిల్లీమీటర్ల క్యూబ్ ఒక్కోటి ఎనిమిది కిలోలు. ఏడు రోజులకు మూడు, 28 రోజులకు మూడు, 90 రోజులకు మూడు మెషిన్ కింద పెట్టి పగలగొట్టి బలం కొలవాలి. ఏడు రోజులవి తర్వాతి వారమే పగలగొట్టాను. మధ్యలో హోలీ సెలవు వస్తే అటెండర్ అన్న ఇంటికి వెళ్లి తాళంచెవి తెచ్చుకున్నాను. మిగిలినవి ముప్పై.

తర్వాత మీకు తెలుసు. సూర్యాపేటలో అక్క దగ్గర రెండు రోజులుండి మిర్యాలగూడ వెళ్దామని బయల్దేరాను. మార్చి 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. అక్క ఇంట్లోనే ఉండిపోయాను. ఏప్రిల్‌లో కూరగాయల మార్కెట్ చుట్టుపక్కల కేసులు బయటపడి సూర్యాపేట పేరు రోజూ వార్తల్లోకెక్కింది. వీధి చివర కర్రలు కట్టేశారు. రెండు గదుల ఇల్లు, అక్క, బావ, ఇద్దరు పిల్లలు, నేను. బావ ఆటో నెలల తరబడి కదలలేదు.

మార్చి 30న మొదటి మిశ్రమానికి 28 రోజులు నిండాయి. నా దగ్గర ల్యాబ్ నోట్‌బుక్ ఒక్కటే ఉంది. ఆ రోజు గడి ఖాళీ. 31న ఇంకో గడి ఖాళీ. ఏప్రిల్ 3 దాకా రోజూ తేదీ వేసి పక్కన ఏమీ రాయకుండా మూసేదాన్ని. కాంక్రీట్ ఎవరికోసమూ ఆగదు. తడి ఉన్నంతకాలం లోపల గట్టిపడుతూనే ఉంటుంది. ఎవరో ఒకరు నీళ్లు పోస్తే చాలు. అటెండర్ అన్నకు ఫోన్ చేస్తే ఆయన సొంతూళ్లో ఇరుక్కున్నాడు. వాచ్‌మన్ తాత ఏప్రిల్‌లో రెండుసార్లు బకెట్లతో మోసి పోశాడు. మేలో ఆయన కూడా వెళ్లిపోయాడు. ఆ ఎండలకు రేకుల కింద తొట్టి ఎంత వేడెక్కిందో ఊహించగలను.

స్కాలర్‌షిప్ కూడా ఆగింది. నెలనెలా కాలేజీ వాళ్లు హాజరు ఖాయం చేసి పంపితేనే డబ్బు పడేది. ఆఫీసు మూసి ఉంటే ఖాయం చేసేదెవరు? కోదాడలో నాతో చదివి ప్రైవేటు కాలేజీలో చెప్పుకుంటున్న స్నేహితురాలు జీతం లేక ఉపాధి హామీ పనికి వెళ్లింది. ఫోన్‌లో ఆ సంగతి చెప్పి నవ్వింది, తర్వాత ఏడ్చింది. ఒక రాత్రి బావ, "చదువాగితే ఆగనీయి చెల్లె, మనుషులం బతికుంటే సాలు" అన్నాడు. ఆయన మంచికే అన్నాడు. ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు.

సెప్టెంబర్ 21 నుంచి, ల్యాబ్ పని తప్పనిసరైన పీజీ టెక్నికల్ విద్యార్థులను, పరిశోధకులను కాలేజీల్లోకి రానివ్వొచ్చని కేంద్రం చెప్పింది. ఆ వారమే బస్సెక్కాను.

తొట్టిలో నీళ్లు సగానికి దిగాయి. మీద ఆకులు, కింద పాచి, మధ్యలో దోమపిల్లలు. పైవరస క్యూబ్‌లు పూర్తిగా ఎండి తెల్లబడ్డాయి. కిందవి నీళ్లలోనే ఉన్నాయి. ఒక్కో క్యూబ్ పైకి తీసి చీపురుతో రుద్ది గుర్తు చదివాను. నేను రంగుతో రాసిన గుర్తులు ఎనిమిదింటి మీద చెరిగిపోయాయి. వేలితో తడిమితే గరుకు తప్ప ఏమీ తగల్లేదు. అవి 5 శాతమో 15 శాతమో చెప్పే దారి లేదు. షెడ్డులో నేల మీద కూర్చుని ఎండినవి ఒక పక్క, తడివి ఒక పక్క, పేరు లేనివి ఒక పక్క పెట్టాను. చీకటిపడింది. నడుము పట్టేసింది. ఏడవలేదు. ఇంటికి ఏం చెప్పాలన్న ఆలోచనే తిరుగుతుంటే ఏడుపు రాలేదు.

మర్నాడు డిపార్ట్‌మెంట్‌లో ఒకరు, నా మేలు కోరే వ్యక్తే, సలహా ఇచ్చారు. ఏడు రోజుల విలువలున్నాయి కదా, ఒకటిన్నరతో గుణించి 28 రోజుల గడి నింపెయ్, అందరూ చేసేది అదే, ఎవరూ అడగరు. ఆయన చెప్పిన లెక్క మామూలు కాంక్రీట్‌కు ఉజ్జాయింపుగా సరిపోతుంది కూడా. కానీ ఊకబూడిద మొదటి వారంలో మందకొడిగా ఉండి తర్వాత పుంజుకుంటుంది. ఎంత మందకొడి, ఎంత పుంజుకుంటుంది అన్నదే నా ప్రాజెక్టు. దాన్ని గుణకారంతో నింపితే రెండేళ్లు నేను ఏం కనిపెట్టినట్టు? ఏ కొలిమి ముందు కూర్చున్నట్టు?

రెండు రోజులు ఆ మాట నన్ను లాగింది. అది దాచను. గుణించి రాస్తే పది రోజుల్లో థీసిస్ అయిపోతుంది, దసరాకు ఇంటికి వెళ్లొచ్చు. రెండో రోజు రాత్రి నాయనకు అంతా చెప్పాను. బలాన్ని కొలిచే మెగాపాస్కల్ ఆయనకు తెలియదు. "మళ్ల పోస్తే ఎన్ని రోజులైతది?" అని ఒకటే అడిగాడు. రెండు నెలలన్నాను. "పొయ్యి. బూడిద నేను పంపుత" అన్నాడు. అమ్మ చీటీ నష్టానికి పాడి డబ్బు పంపింది.

ఈసారి మూడు మిశ్రమాలే: సున్నా, 10, 20 శాతం. ఒక్కోదానికి ఆరు చొప్పున పద్దెనిమిది క్యూబ్‌లు. గుర్తులు రంగుతో రాయడం మానేశాను. కాంక్రీట్ పచ్చిగా ఉండగానే మేకుతో చెక్కాను. గైడ్ సార్ ఈసారి పోసే రోజు మధ్యాహ్నం దాకా ల్యాబ్‌లోనే నిలబడ్డారు, ట్యాంపింగ్ రాడ్ కూడా పట్టుకున్నారు. ఆ సాయం మర్చిపోలేను. 28వ రోజున మెషిన్ కింద పెట్టిన 10 శాతం క్యూబ్ మామూలు కాంక్రీట్‌ను దాదాపు అందుకుంది. 20 శాతంది స్పష్టంగా వెనకబడింది. పాత క్యూబ్‌లను కూడా పగలగొట్టాను. గుర్తు తెలిసినవాటిని వాటి అసలు వయసుతో, కొన్ని ఎండిపోయాయని రాసి, విడిగా అనుబంధంలో పెట్టాను. పేరు లేని ఎనిమిదింటి సంగతి కూడా రాశాను.

2021లో వైవా అయింది. ఆన్‌లైన్‌లో ఇరవై నిమిషాలు. పరీక్షకు వచ్చిన ప్రొఫెసర్ అనుబంధం పేజీ తెరిచి, "ఇది ఎందుకు పెట్టావు?" అన్నారు. జరిగింది చెప్పాను. ఆయన "సరే" అని తర్వాతి ప్రశ్నకు వెళ్లారు. అంతే. నాతోటివాళ్ల కంటే నెలల తరబడి ఆలస్యంగా పట్టా వచ్చింది. లెక్చరర్ పోస్టు దొరకలేదు. ఇప్పుడు కోదాడ వైపు ఒక క్వాలిటీ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. రోజూ క్యూబ్‌లు పగలగొట్టడమే నా పని. అంకె తక్కువొస్తే తక్కువే రాస్తాను. దానికి మాటలు పడతాను.

మా వైపు ఊళ్ల నుంచి ఏటా పిల్లలు సివిల్‌లో ఎంటెక్‌కు వెళ్తున్నారు. వాళ్లను పంపే తల్లిదండ్రులకు, వెళ్లే పిల్లలకు ఒక్కటే అడుగుతున్నాను. ఫీజు కట్టేముందు ఆఫీసు గదిలో కూర్చుని బ్రోచర్ చూడకండి. ల్యాబ్ చూపించమనండి. కంప్రెషన్ మెషిన్‌కు చివరిసారి ఎప్పుడు కాలిబ్రేషన్ చేయించారో కాగితం అడగండి. కిందటేడు ప్రాజెక్టుల క్యూబ్ రిజిస్టర్ తెరిపించి తేదీలు చదవండి. తర్వాత వెనక్కి వెళ్లి క్యూరింగ్ తొట్టి మూత ఎత్తి చూడండి. అది ఎండి ఉంటే ఆ కాలేజీలో చేరకండి.