పీక కుదిరితేనే పాట

పెద్ద ఆర్కెస్ట్రాలో వయొలిన్లు వరసలకొద్దీ ఉంటాయి. బసూన్లు మాత్రం ఏ మూడో నాలుగో! అందుకే ఒక్క కుర్చీ ఖాళీ అయిందంటే చాలు, దేశదేశాల కుర్రకారు వచ్చి వాలతారు.

బసూన్ మన సన్నాయికి దూరపు చుట్టం. దీనికీ పీకే ప్రాణం. సుమారు ఎనిమిదడుగుల గొట్టాన్ని మడిచి మనిషి ఎత్తుకు కాస్త తక్కువగా కుదిస్తారు. వెదురులాంటి గడ్డి బద్దను కత్తితో గీకి, దారం చుట్టి, చాలామంది ఎవరి పీక వాళ్లే చేసుకుంటారు. గంటల తరబడి చెక్కింది కొన్ని వారాలకే పాడవుతుంది.

ఇక ఆడిషన్. చాలాచోట్ల తెర వెనకే వాయించాలి. మొజార్ట్ పద్దెనిమిదేళ్ల వయసులో, 1774లో రాసిన బసూన్ కన్చెర్టో తప్పనిసరి పరీక్ష.

అంతకన్నా కఠినం, 1952లో మొదలైన మ్యూనిక్ ఏఆర్‌డీ పోటీ. జడ్జీల మనసు గెలవకపోతే మొదటి బహుమతి ఎవరికీ ఇవ్వరు. 2013లో అక్కడ రెండో బహుమతి అందుకున్న ఫ్రాన్స్ అమ్మాయి సోఫీ డెర్వో ఆ ఏడే బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌లో కాంట్రాబసూన్ పట్టింది. 2015లో వియన్నా చేరి ప్రధాన వాద్యకారిణి అయింది.

పతకం తలుపు తట్టడానికే. కుర్చీ దక్కినా కత్తి పక్కన పెట్టడం కుదరదు. రేపటి పాటకు పీక ఇవాళే చెక్కుకోవాలి మరి!