బ్యారేజీకి ఎగువన ఒక దీవి, దిగువన మరో లోకం

బెజవాడ నుంచి ఒక్క రోజులో దీవులు చూసి రావాలంటే దారిని కృష్ణమ్మకే వదిలేయడం మేలు. ఉదయం బ్యారేజీకి ఎగువన, మధ్యాహ్నం కరకట్ట మీద, సాయంత్రం సముద్రం చేరువలో. ఏరు నడిచే వరసలోనే మనమూ నడిస్తే రోజు ఇరుకు కాదు.

మొదటి మజిలీ భవానీ ద్వీపం. పున్నమి ఘాటు దగ్గర పర్యాటక శాఖ పడవ ఎక్కితే కాసేపట్లో అవతల దిగుతాం. ఎండ ముదరక ముందే వెళ్తే చెట్ల కింద తీరిగ్గా తిరగొచ్చు. వెనక్కి తిరిగితే ఇంద్రకీలాద్రి, అవతలి ఒడ్డున ఉండవల్లి కొండలు. ఇక్కడ నీళ్లు ఇంత నిబ్బరంగా ఉండటానికి కారణం దిగువనున్న ప్రకాశం బ్యారేజీ. 1855 నాటికి పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగింది. తర్వాత 70 గేట్లతో కట్టిన బ్యారేజీ 1957లో మొదలైంది. డెల్టా కాలువల కోసం అది నిలబెట్టిన నీటి మీదే మన పడవ షికారు. వరి మడికి కట్టిన నీళ్లలో వినోదం కొసరు మాత్రమే.

అందుకే బయల్దేరే ముందు బ్యారేజీ కబురు కనుక్కోవాలి. వరదకు గేట్లు ఎత్తితే పడవలు కట్టేస్తారు. 2024 సెప్టెంబరులో 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు భవానీ ద్వీపమే మునిగింది. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం ఫెర్రీ దగ్గర పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా పోయారు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కొద్దు. వరదలు తగ్గి ఎండలు ముదరని రోజులే ఈ ప్రయాణానికి అదును.

పదకొండు గంటలకల్లా ఒడ్డుకొచ్చి అవనిగడ్డ కరకట్ట పట్టాలి. బ్యారేజీ దాటాక ఏటి రూపే మారిపోతుంది. ఎగువన నిండుగా ఉన్నది, ఇక్కడ మేట వేసిన ఇసుక, మధ్యలో పాయలు. తోట్లవల్లూరు వైపు లంకల్లో పసుపు, కంద, అరటి, చెరకు. భవానీ ద్వీపంలో మనిషి సేద తీరడానికి వస్తాడు, లంకలో మనిషి వరద తీశాక మళ్లీ దుక్కి దున్నడానికి వస్తాడు. ఈ దారిలోనే ఉన్న శ్రీకాకుళం ఊళ్లో ఆంధ్ర మహావిష్ణువు గుడి దగ్గర ఆగితే చాలు. ఆముక్తమాల్యద రాయమని కృష్ణదేవరాయలకు ఆ స్వామి కలలో చెప్పాడని ప్రతీతి. దారిలోని గుళ్లన్నీ ఒక్కరోజులో కుక్కితే విశ్రాంతి మిగలదు.

పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలుతుంది. సాగునీటి కాలువ అక్విడక్టు మీదుగా పాయను దాటి దివిసీమలో అడుగుపెడుతుంది. అవనిగడ్డ బజార్లో టీ తాగుతుంటే మనం దీవి మీదే ఉన్నామని తట్టనే తట్టదు. కృష్ణ పాయలూ సముద్రమూ కలిసి చుట్టిన నేల ఇది. 1977 నవంబరు 19 ఉప్పెనలో ఆ సముద్రమే ఇక్కడి వేల ప్రాణాలు తీసింది.

నాగాయలంక దాటి ఏటిమొగకు వెళ్తే రేవులో పంటు ఉంటుంది. మోటారు సైకిళ్లు, బియ్యం బస్తాలు, బడి పిల్లలు అన్నీ అందులోనే ఎదురుమొండి దీవికి దాటాలి. ఇక్కడ ఏటికి గేట్లు లేవు, ఆటుపోట్లున్నాయి. నీళ్లు ఉప్పన, ఒడ్డున మడ అడవి. రేవులో దిగగానే ఆఖరి పంటు ఎప్పుడో అడిగి పెట్టుకోండి. మన షికారు కోసం ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్ల చోటు ఆక్రమించకూడదు.

ఉదయం టిక్కెట్టు కొని దాటిన నీళ్లూ, సాయంత్రం ఊరివాళ్లతో కలిసి దాటిన నీళ్లూ ఒక్క కృష్ణవే. రెండో రేవు చూడకుండా మొదటి దీవి నుంచే తిరిగొస్తే కాలక్షేపం అవుతుంది. రెండూ చూస్తే, డెల్టాలో ఏరు ఎవరికి ఆటో ఎవరికి బతుకో తెలుస్తుంది.