ఠాణా బోర్డు మీది కొండ

2017 ఎండాకాలం. మావాడి పాస్‌పోర్టు ఎంక్వయిరీ కోసం నాచారం పోలీస్ స్టేషన్ బెంచీ మీద ఇద్దరం గంటసేపు కూర్చున్నాం. ఏం తోచక గోడ మీది అక్షరాలన్నీ చదివాను. ‘రాచకొండ పోలీస్ కమిషనరేట్’. అంతకుముందు ఏడాదే సైబరాబాద్ నుంచి విడదీసి ఆ పేరు పెట్టారు.

"రాచకొండ ఎక్కడుంది నాన్నా?" అన్నాడు వాడు.

"నల్లగొండ దిక్కు" అన్నాను. అంతకుమించి నాకూ తెలియదు. ఇరవై ఆరేళ్లు నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ ముందు నిలబడ్డవాణ్ణి. ఉప్పల్ రింగు దాటానంటే యాదగిరిగుట్టకు, లేకపోతే అత్తగారింటికి, చౌటుప్పల్‌కు.

వాడు ఇంగ్లండు వెళ్లిపోయాడు. మరుసటేడు అక్టోబరులో ఫోన్లో ఫొటోలు పంపాడు. మాల్వర్న్ కొండలట. దువ్వి పెట్టినట్టు గడ్డి, పైదాకా బాట, అలిసినోళ్లు కూర్చోవడానికి బెంచీలు. అన్నిటికన్నా ఎత్తైనది 425 మీటర్లేనట. కింద ఒక ముక్క రాశాడు: "మీరూ ఎక్కడికైనా వెళ్లండి నాన్నా." ఆ మాట కొంచెం గుచ్చుకుంది.

ఆదివారం పొద్దున్నే ఆ బోర్డు మీది రాచకొండకే బండి తీశాను. చౌటుప్పల్‌లో బామ్మర్దిని ఎక్కించుకుని సంస్థాన్ నారాయణపురం మీదుగా పోయాం. దసరా పోయిన రోజులు, దారి పొడుగునా సీతాఫలాలు. తండాలు దాటాక గుట్టలు మొదలయ్యాయి, ఒకదాని వెనక ఒకటి. మావాడు పంపిన పచ్చదనం కాదిది. గుండు మీద గుండు, వాటి సందుల్లోంచి ముళ్లకంపలు. హబ్సిగూడలోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో చేసి రిటైరైన మా పక్కింటాయన తర్వాత లెక్క చెప్పాడు: మాల్వర్న్ రాయి వయసు 68 కోట్ల ఏళ్లయితే మన గ్రానైటుది 250 కోట్లు. ఆ మాట విన్నాక మావాడి మీద నా గుర్రు కాస్త తగ్గింది.

రాచకొండ కోట పైకి ఎక్కే ముందే దర్వాజా దగ్గర నేను ఆగిపోయాను. రేచర్ల పద్మనాయకులు ఆమనగల్లు నుంచి రాజధానిని ఇక్కడికి మార్చింది 14వ శతాబ్దంలో. గోడకు సున్నం లేదు, మట్టి లేదు. మనిషంత రాళ్లు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి, అంతే. షాపులో సందు చూడటానికి మాకు ఫీలర్ గేజ్ ఉంటుంది. ఇక్కడ జేబులో పెట్రోలు బంకు చీటీ ఒకటే దొరికింది. రెండు రాళ్ల మధ్య దూర్చాను. గోరంత లోపలికి పోయి ఆగింది. ఇంకోచోట చెయ్యి దూరేంత సందుంది, అక్కడ చిన్న రాతిచెక్క బిగించారు. మేం షిమ్ వేసినట్టే! ఆ చెక్కను వేలితో కదిపి చూశాను. కదల్లేదు.

"కొండ చూడొచ్చినవా బావా, పని ఎతుక్కుంట వచ్చినవా?" అన్నాడు బామ్మర్ది. వాడికి ఆకలవుతోంది.

పైన మేకలు కాస్తున్న లంబాడీ పెద్దాయన ఒక గుంత చూపించాడు. నడుంలోతు ఉంది. "బంగారమున్నదని రాత్రిళ్లొచ్చి తవ్విపోతరు సారూ. అండ్ల నా మేకలు పడుతున్నయ్." 2014 చివర్లో ముఖ్యమంత్రి కేసీఆర్ హెలికాప్టర్లో ఈ గుట్టలన్నీ చూసి ఫిలిం సిటీ తెస్తామన్న సంగతి అడిగాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. నాచారంలో ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణా స్టూడియో గోడ పక్కనుంచి రోజూ పనికి పోయినవాణ్ణి, సినిమా సెట్టింగులంటే నాకేం మోజు లేదు. ఈ గుట్టలు ఇట్లా ఉంటేనే నయం.

సర్వజ్ఞ సింగభూపాలుడు ‘రసార్ణవ సుధాకరం’ రాసింది ఈ కొండలనేలుతూనే. నాటకం మీద, రసం మీద సంస్కృత గ్రంథం. కింద, ఎండలో, ముళ్లు గీరుకుంటున్నప్పుడు ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. పైన బండ మీద పడుకుని గాలి తగిలాక పర్లేదనిపించింది.

దిగేటప్పుడు బామ్మర్ది కాలు జారి మోకాలు గీరుకుంది. ఆ వంకతో సీతాఫలాల గంప మొత్తం నాతోనే కొనిపించాడు.

రాత్రి ఇంటికొచ్చి మావాడికి పన్నెండు ఫొటోలు పంపాను. అక్కడ ఇంకా సాయంత్రమే. వెంటనే జవాబొచ్చింది.

"అన్నీ రాళ్ల సందులే ఉన్నాయి. కొండేది నాన్నా?"